రూబెన్ గదిలో E6

మే 5, సోమవారం

మళ్లీ E6.

వీరులపాడులో ఒక రైతు ఇంట్లో ఏసీ కడుగుతున్నాను. రెండూ పదికి అత్తయ్య ఫోను. "బాబూ, మిషను మళ్లీ ఆ అక్షరం చూపిస్తా ఉందయ్యా. గాలి ఆగిపోయింది. పిల్లోడు కాలిపోతన్నాడు." సామాను అక్కడే వదిలేసి బండి తీశాను. నందిగామ చేరేసరికి మూడు దాటింది. రూబెన్ ఒంటి నిండా తడి తువ్వాళ్లు, అటొకటి ఇటొకటి టేబుల్ ఫ్యాన్లు. థర్మామీటరులో నూట రెండు.

మెడ విరిగినవాడికి మెడ కింద చెమట పట్టదట. ఒంట్లో వేడి ఎక్కితే దిగే దారి ఉండదు. గది వేడి ఇరవై ఆరు డిగ్రీలు దాటకూడదని రెండేళ్ల కిందట విజయవాడ డాక్టరు చెప్పాడు. అందుకే వాణ్ణి ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చేలోపే ఆ గదిలో ఏసీ బిగించాను. నేనే, ఒక్కణ్ణే.

E6 అంటే లోపలి యూనిట్టుకూ బయటి యూనిట్టుకూ మధ్య సిగ్నల్ అందడం లేదని. ఎందుకు అందడం లేదో మాత్రం ఆ మహాతల్లి చెప్పదు. బోర్డు కావచ్చు, వైరు కావచ్చు, వోల్టేజీ కావచ్చు. మెయిన్ ఆపేసి పది నిమిషాలు ఆగి మళ్లీ వేశాను. తిరిగింది. అత్తయ్య గోడ మీది వాక్యాల క్యాలెండరు వైపు చూసి "స్తోత్రం" అంది.

వోల్టేజీయే. ఇంకేం కాదు.

రూబెన్ నా భార్య జాయిస్ తమ్ముడు కాబట్టి పనులొదిలి పరిగెత్తుతున్నానని అనుకుంటుందేమో అత్తయ్య. ఎవరింట్లో ఇలా ఉన్నా ఇలాగే పరిగెత్తేవాణ్ణి.

మే 6

ఫోను రాలేదు. మబ్బుగా ఉంది. నేను చెప్పలేదూ, వోల్టేజీయే.

మే 8, గురువారం

ఫోను వచ్చింది. రెండుంబావుకి.

ఈసారి లోపలి యూనిట్టు బోర్డే మార్చేశాను. అదే మోడలుది షాపులో ఒకటి ఉంది. రూబెన్ మంచం పక్కన స్టూలు వేసుకుని గంటసేపు పని. వాడు కింద నుంచి చూస్తూనే ఉన్నాడు. వాడికి ఇప్పుడు తిరిగేవి కళ్లూ మెడా, అంతే. ఒకప్పుడు మేముండే పేటలోనూ నందిగామలోనూ ఏసీ అంటే మా ఇద్దరి పేరే చెప్పేవాళ్లు. నేను స్పీడు, వాడు శుభ్రం. ఒక్క స్క్రూ మిగిలినా మొత్తం విప్పి మళ్లీ బిగించే రకం. నాకు ఒళ్లు మండిపోయేది.

"బావా, సెన్సర్ క్లిప్పు సరిగ్గా కూచోలేదు" అన్నాడు.

నిజమే, కూర్చోలేదు. మంచంలోంచి కనబడింది వాడికి.

అత్తయ్య చెంచాతో వాడి నోట్లో నీళ్లు పోస్తూ రోజూ అనే మాటే అంది. "ఆ రోజు మీ బావ మాటిని నడుముకి తాడు కట్టుకునుంటే ఈపాటికి పెళ్లయి పిల్లలుండేవాళ్లు గదరా నీకు. మొండి వెధవా." వాడు గుటక వేస్తూ సీలింగు వైపు చూశాడు. నేను స్క్రూలు ఏరుకున్నాను.

రెండేళ్ల కిందట ఏప్రిల్‌లో, పేటలో ఒకరి ఇంటి రెండో అంతస్తు నుంచి పాత అవుట్‌డోర్ యూనిట్టు దించుతుంటే సజ్జ మీంచి పడ్డాడు. తాడు కట్టుకోలేదు. అదీ జరిగింది.

మే 9

తాడు కట్టుకోలేదన్నది నిజం. పడేటప్పుడు వాడి నడుముకి తాడు లేదు. అది అబద్ధం కాదు.

మే 11, ఆదివారం

నందిగామలో ఆరాధనకు వెళ్లాం. పాస్టరు గారు రూబెన్ కోసం అందరి చేతా ప్రార్థన చేయించారు. "రత్నమణమ్మ గారి ఓర్పును దేవుడు చూస్తున్నాడు" అన్నారు. అత్తయ్య ముసుగు కొంగుతో కళ్లు తుడుచుకుంది.

రెండేళ్ల కిందట ఇదే చోట నిలబడి నేను సాక్ష్యం చెప్పాను. మావాడు ఎంత చెప్పినా వినకుండా తాడు కట్టుకోకుండా ఎక్కాడు, అయినా ప్రభువు ప్రాణం దక్కించాడు అని. అందరూ ఆమేన్ అన్నారు. మా సంఘంలో సాక్ష్యం ఒకసారి చెబితే అది ఇక రాసిపెట్టినట్టే. ఏ కూడిక జరిగినా అత్తయ్య లేచి దాన్నే మళ్లీ చెబుతుంది, నా మాటల్లోనే. ఒక్క ముక్క మార్చదు.

తిరిగి వస్తుంటే బండి వెనకనుంచి జాయిస్ మొదలుపెట్టింది. "షాపులో ఇప్పటికీ ఒక్కటే తాడు. ఇంకోటి కొనుక్కోమని ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

"ఎత్తు పనులు ఒప్పుకోవడం లేదుగా."

"ఎందుకు ఒప్పుకోవట్లేదు?"

"మోకాళ్లు నొప్పి."

తాడు కొనడానికి ఎంతసేపు పడుతుంది. కొంటే, ఇన్నాళ్లూ లేంది ఇప్పుడెందుకు అని ఎవరైనా అడుగుతారు. ఎవరూ అడగరు, తెలుసు నాకు.

మే 12

రెండూ అయిదుకి E6. మెయిన్ ఆపి వేయడం అత్తయ్యకు నేర్పాను. అలా వేసినా ఇప్పుడు పావుగంటకే ఆగిపోతోందట.

మే 14, బుధవారం

"బావా, నేనొకటి కనిపెట్టా" అన్నాడు రూబెన్, నేను గదిలో అడుగు పెట్టగానే. మొహం వెలిగిపోతోంది. రెండేళ్లలో వాడి గొంతులో ఆ హుషారు వినలేదు.

ఆగిన ప్రతిసారీ టైము అత్తయ్య చేత క్యాలెండరు మీద రాయించాడు. "చూడు. ఎప్పుడైనా రెండుకీ రెండున్నరకీ మధ్యే వస్తోంది. మబ్బేసిన రోజు రాలేదు. పొద్దున రాదు. సాయంత్రం పొద్దుగూకాక రాదు. బోర్డయితే ఎప్పుడన్నా రావాలి గదా? పడమటి గోడ మీదికి ఎండొచ్చాకే వస్తోంది బావా. పైపు పొడుగునా ఎక్కడో వైర్లో జాయింటుంది. వేడికి వదులవుతోంది, చల్లబడితే అంటుకుంటోంది."

పడమటి వైపు సందు ఇరుకు. అవుట్‌డోర్ కింద పెడితే వేడిగాలి తమ కిటికీలోకి కొడుతుందని పక్కింటివాళ్లు గొడవ పెట్టుకున్నారు. అందుకని దాన్ని పై అంతస్తు సజ్జ మీద పెట్టాను. అక్కడి నుంచి కింద గదిలోకి పైపు, దాని వెంట వైరు.

"జాయింటేసావా బావా?"

"లేదురా. ఒకటే వైరు."

వాడు నన్నే చూశాడు. "సరే" అన్నాడు. కాసేపయ్యాక మళ్లీ, "సరే బావా."

మే 15

జాయింటు ఉంది.

ఏసీతో వచ్చిన వైరు సజ్జ దాకా సరిపోలేదు. ఆరడుగులు తక్కువైంది. పొడుగు వైరు తెచ్చి మొత్తం మార్చాలంటే దిగాలి, మళ్లీ ఎక్కాలి. అప్పటికి వాడు పడి మూడు వారాలు. సజ్జ మీద నా కాళ్లు గజగజ వణుకుతున్నాయి. ముక్క కలిపి, మెలేసి, టేపు చుట్టి, పైపు పట్టీ కింద దాచేసి కిందికి వచ్చేశాను. ఎండాకాలం రష్షులో ఈ పని చేయని మెకానిక్ ఎవడో చూపించండి. రూబెన్ తప్ప.

టేపు గట్టిగానే చుట్టాను. జాయింటే కారణమని గ్యారంటీ ఏమిటి?

మే 17, శనివారం

పెద్ద స్టెబిలైజరు తెచ్చి పెట్టాను. అత్తయ్య సంతోషించింది. నేను మీటరు పెట్టి అక్కడా ఇక్కడా చూస్తున్నట్టు నటిస్తుంటే రూబెన్ కళ్లు మూసుకున్నాడు. నిద్రపోలేదు. నేను చూడకూడదనుకున్న చోటు తప్ప అన్ని చోట్లా చూస్తున్నానని వాడికి తెలిసిపోయింది. పని తెలిసినవాడి ముందు దొంగ పని చేయడమంత నరకం ఇంకోటి లేదు.

మే 20, మంగళవారం

నూట నాలుగు.

నేను వెళ్లేసరికి వాణ్ణి దుప్పటితో సహా ఎత్తి ఆటోలో పడుకోబెడుతున్నారు. కళ్లు తెరిచి ఉన్నాయి, ఎవరినీ గుర్తుపట్టలేదు. ఆటోలో వాడి తల నా ఒళ్లో ఉంది. పెనం మీద చెయ్యి పెట్టినట్టుంది. ప్రభువా, వీణ్ణి తీసుకోకు.

మే 21

నర్సింగ్ హోము. చంకల్లో ఐసు, చేతికి సెలైను. పొద్దుటికి నూట ఒకటికి దిగింది, నన్ను చూసి "బావా" అన్నాడు. ఇంకో అరగంట ఆలస్యమైతే మెదడు దెబ్బతినేదని డాక్టరు అన్నాడు. "ఏసీ ఆగని గది ఉంటేనే ఇంటికి తీసుకెళ్లండి. ఇంకోసారి ఇలా వస్తే నేను చెప్పలేను."

వరండాలో అత్తయ్య నా రెండు చేతులూ పట్టుకుంది. "నువ్వుండబట్టి గదా బాబూ వాడు ఈ మాత్రమన్నా బతికున్నాడు. కొడుకువి నువ్వే నాకు."

చేతులు వెనక్కి లాక్కోలేకపోయాను.

మే 22

ఆ రోజు వాడు తాడు కట్టుకున్నాడు.

రాశాను. ఇంకా నయం, చెయ్యి పడిపోలేదు.

మే 23, శుక్రవారం

వాడు రేపు ఇంటికి వస్తాడు. వచ్చేలోపు ఎవరికీ తెలియకుండా వైరు మార్చేద్దామని పొద్దున్నే నందిగామ వెళ్లి అత్తయ్య ఇంటి డాబా ఎక్కాను. కొత్త వైరు ఉంది, తాడు ఉంది. పిట్టగోడ దాటి సజ్జ మీదికి ఒక్క అడుగు దించాలి. గంట నిలబడ్డాను. గోడ పట్టుకున్న చేతులు వదలనన్నాయి. కింద సందులో ఎవరిదో సైకిలు, ముగ్గురు ఆడవాళ్లు, వాళ్ల మాటలు. దిగొచ్చేశాను.

ఇంకో మెకానిక్‌ని పిలవొచ్చు. వాడు పట్టీ విప్పగానే "ఈ జాయింటు ఎవడేశాడు?" అంటాడు, రూబెన్ వింటుండగా.

సిగ్గు లేని మనిషిని. అక్కడ ప్రాణం పోతుంటే నేను ఆలోచించేది ఇది.

మే 24, శనివారం

అంతా వరసగా రాస్తాను. తర్వాత రాస్తే మార్చేస్తాను, నా సంగతి నాకు తెలుసు.

పదింటికి రూబెన్‌ని ఇంటికి తెచ్చాం. "ఏసీ బాగయిందా బాబూ?" అని అడిగింది అత్తయ్య. "చూస్తున్నా" అన్నాను. ఒంటి గంటకు గది ఇరవై అయిదు. రెండూ ఏడుకి ఆగిపోయింది. E6 వెలిగింది. రూబెన్ దాన్ని చూడలేదు, నన్ను చూశాడు.

"జాయింటుంది రూబెన్" అన్నాను. "సజ్జ దగ్గర. నేనే వేశా."

"తెలుసు" అన్నాడు. "ఎక్కగలవా?"

అత్తయ్య బక్కెట్లో తువ్వాళ్లు పిండుతూ గుమ్మంలో ఉంది. ఎక్కితే ఏమవుతుందో తెలియదు, ఎక్కకముందే చెప్పాలనిపించింది. అటు తిరిగాను.

"అత్తయ్యా, ఆ రోజు వాడు తాడు కట్టుకున్నాడు. మా దగ్గర ఒకటే తాడు. యూనిట్టు దించడానికి తాడు కావాలి. విప్పి ఇటియ్యరా, రెండు నిమిషాల పనేగా అన్నాను. వద్దు బావా, ఇంకోటి తెచ్చుకుందాం అన్నాడు. కసిరాను. విప్పి ఇచ్చాడు. యూనిట్టు ఊగి వచ్చి వాడికి తగిలింది. ఎంత చెప్పినా తాడు కట్టుకోలేదని ఆస్పత్రిలో మీకు చెప్పింది నేనే. సంఘంలో చెప్పిందీ నేనే. వాడి మొండితనం కాదు, నా తొందర."

ఆమె చేతిలో తువ్వాలు నీళ్లు కారుతూనే ఉంది. కొడుకు దగ్గరికి వెళ్లింది.

"నిజమేనారా?"

"ఊఁ."

"రెండేళ్ల నించీ రోజూ తిడతన్నా గదరా నిన్ను. మొండోడివన్నా. నా కడుపున చెడబుట్టావన్నా. నోరెందుకు మూసుకున్నావురా?"

"అక్క కాపురం అమ్మా."

ఆమె ఏడవలేదు. ఏడిస్తే బాగుండుననిపించింది. తువ్వాలు వాడి ఛాతీ మీద పరిచి, ఇంకోటి పిండి నుదుటి మీద వేసింది. నేను సంచీ, వైరు చుట్ట, తాడు తీసుకుని బయటికి నడిచాను. ముందు పని, ఆ తర్వాత ఆమె ఏం చేసినా పడదాం అనుకున్నాను. మెట్ల దగ్గరికి వచ్చేసరికి వెనక నుంచి పిలుపు.

"డేవిడ్‌రాజూ."

పెళ్లయి పద్నాలుగేళ్లు. ఎప్పుడూ బాబూ అనే పిలిచింది. పేరు పెట్టి పిలవడం అదే మొదలు.

"నీ చేతిలో ఉంది ఆ తాడేనా?"

"అదే."

"రెండోది ఏది?"

"లేదత్తయ్యా. ముందు దీంతో సంచి దించేసి, తర్వాత నడుముకి..." నా మాట నాకే వినబడింది. ఆగిపోయాను.

"బజారుకి పోయి ఇంకోటి తెచ్చుకో. తెచ్చాకే ఎక్కు."

"లోపల వాడు కాలిపోతున్నాడు అత్తయ్యా. అరగంట పడుతుంది..."

"వాణ్ణి నేను చూసుకుంటా. ఐసు తెప్పిస్తా, తడిపి పెడతా, నా ఊపిరంతా వాడి మీదే ఊదుతా. నాకున్నది ఇద్దరు. ఒకడి నడుముకున్న తాడు విప్పించావు. రెండోదాని మొగుణ్ణి తాడు లేకుండా సజ్జ మీదికి పంపే పాపం నాకొద్దు. పో ముందు."

వెళ్లాను. బజారులో తాళ్ల కొట్టువాడు "దేనికండి? గేదెకా, బావికా?" అన్నాడు. "మనిషికి" అన్నాను. వాడు నా మొహం చూసి లావుపాటిది తీశాడు.

నేను వచ్చేసరికి ఆమె డాబా మీద ఉంది. రూబెన్ దగ్గర పక్కింటామెను కూర్చోబెట్టి వచ్చింది, వేడిగాలి గొడవ పెట్టుకున్న ఆమెనే. తాడు నీళ్ల ట్యాంకు దిమ్మెకు కట్టి, రెండో కొస నడుముకి కట్టుకున్నాను. అత్తయ్య దగ్గరికి వచ్చి ముడిని రెండుసార్లు గుంజి చూసింది. కిందికి వెళ్లిపోయింది.

పిట్టగోడ దాటాను. కాళ్లు వణికాయి. వణికితే వణకనీ అని దిగాను. పైపు పట్టీ విప్పితే టేపు నల్లగా కాలి పెచ్చులూడుతోంది, లోపల రాగి పచ్చగా చిలుము పట్టి ఉంది. పాత వైరు మొత్తం లాగేసి, పైనుంచి గదిలోపలి యూనిట్టు దాకా ఒకే వైరు వేశాను. మధ్యలో ఎక్కడా కోత లేదు. నాలుగు కావస్తుంటే మెయిన్ వేశాను. తిరిగింది. అప్పటికి వాడికి నూట రెండున్నర. ఐసు కరిగి మంచం కింద మడుగు కట్టింది. ఆరింటికి తొంభై తొమ్మిదికి దిగింది.

నేను బయలుదేరుతుంటే రూబెన్ పిలిచాడు.

"రేపు సంఘంలో చెబుతావా?"

"చెబుతా."

"అయితే ముడి నేనే విప్పానని కూడా చెప్పు. నువ్వడిగావు, విప్పింది మాత్రం నేనే. ఈ చేతులు చేసిన ఆఖరి పని అది బావా. అది కూడా నీ ఖాతాలో వేసుకోకు."

పేటకు వచ్చి జాయిస్‌కు చెప్పాను. బండికి కట్టి ఉన్న కొత్త తాడును చూస్తూ మొత్తం విన్నది. "నాతో కదా ముందు చెప్పాల్సింది" అంది.

మే 25, ఆదివారం

జాయిస్ నా బండి ఎక్కలేదు. నందిగామ బస్సులో వచ్చింది. ఆడవాళ్ల వైపు, అత్తయ్య పక్కన కూర్చుంది.

సాక్ష్యాల వేళ లేచాను. నేను తాడు అడిగానన్నాను. వాడు వద్దన్నాడన్నాను. నేను కసిరానన్నాను. ముడి వాడే విప్పి ఇచ్చాడన్నాను. రెండేళ్ల కిందట ఇక్కడ నిలబడి చెప్పింది అబద్ధమన్నాను. ఎవరూ ఆమేన్ అనలేదు. ఎక్కడో ఒక చంటిపిల్ల ఏడ్చింది. పాస్టరు గారు చాలాసేపటికి పాట అందుకున్నారు.

మధ్యాహ్నం రూబెన్ గదికి వెళ్లాను. వెళ్లమని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు. గుమ్మం దగ్గర నిలబడ్డాను. రెండయింది. రెండుంబావు అయింది. పడమటి గోడ మీద ఎండ మండిపోతోంది. E6 రాలేదు. అత్తయ్య గ్లాసూ చెంచా పట్టుకొచ్చి మంచం మీద కూర్చుంది. ఒక చెంచా పోసింది. "ఆ రోజు..." అని అలవాటు కొద్దీ మొదలుపెట్టి ఆపేసింది. రూబెన్ నోరు తెరిచి ఎదురుచూస్తున్నాడు. ఇంకో చెంచా పోసింది, ఇంకొకటి పోసింది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా గదిలో ఏసీ చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.